మంచు కింద బంగారు మంద

1533లో పెరూ ఉత్తర కొండల్లోని కహమార్కా పట్టణంలో వారాల తరబడి కొలుములు ఆరలేదు. అంతకుముందు ఏడాది నవంబరు 16న ఆ ఊరి నడిబజారులోనే ఇన్కా చక్రవర్తి అతవాల్పా స్పెయిన్ దండనాయకుడు ఫ్రాన్సిస్కో పిజారోకు చిక్కాడు. తనను వదిలిపెడితే ఒక గదిని ఒకసారి బంగారంతో, రెండుసార్లు వెండితో నింపిస్తానని మాటిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. సామ్రాజ్యం నలుమూలల నుంచీ పళ్లేలు, కుండలు, గుడి గోడలకు తాపిన రేకులు, బొమ్మలు మనుషుల భుజాల మీదా లామాల వీపుల మీదా కొండలెక్కి వచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టే తొమ్మిది కొలుముల్లో వేశారు. ఆ పని చేయించింది స్థానిక కంసాలుల చేతే. తాతలు చేసినవాటినీ తాము చేసినవాటినీ వాళ్లే ముద్దలుగా కరిగించి ఇవ్వాల్సి వచ్చింది. ఆరు టన్నుల బంగారం, పన్నెండు టన్నులకు కాస్త తక్కువ వెండి తేలింది. జూలై 26న అతవాల్పాను గొంతు బిగించి చంపేశారు.

ఇన్కాల బంగారం అంటే లోకానికి తెలిసిన కథ ఇదే. ఎంత దొరికింది, ఎంత తరలిపోయింది, ఇంకెక్కడ దాగి ఉంది అనే లెక్కల కథ. సాహస నవలలకు, సినిమాలకు సరిపోయినంత మసాలా ఇందులో ఉంది. ఆ లెక్కలకు అందకుండా తప్పించుకున్న బంగారం ఒకటుంది. అది అరచేతిలో ఇమిడేంత చిన్నది. ఎక్కువగా లామా ఆకారంలో ఉంటుంది. ఆరు వేల మీటర్ల శిఖరాల మీద మంచు కింద, సరస్సు అడుగున రాతి పెట్టెల్లో, సముద్రం మధ్య దీవిలో మట్టి కింద దొరికింది. స్పెయిన్ సైనికులు వెతకని చోట్లవి.

కుస్కో నగరంలో సూర్యదేవుడి ఆలయం కొరికాంచాలో ఒక బంగారు తోట ఉండేదట. 1540ల చివర్లో పెరూ అంతా తిరిగిన చరిత్రకారుడు సియెసా దె లియోన్, దాన్ని ఎరిగినవాళ్లు చెప్పగా రాసుకున్నాడు. బంగారు మొక్కజొన్న కర్రలు, ఇరవైకి పైగా బంగారు లామాలు, వాటి పిల్లలు, వడిసెలలు పట్టుకున్న బంగారు కాపరులు. ఇప్పుడు ఆ గుడి పునాదుల మీద సాంటో డొమింగో మఠం నిలబడి ఉంది. తోటలోని లామాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. గుడి తోటలో కనబడేలా నిలబెట్టిన మంద కొలిమికి పోయింది. ఎవరూ చూడకూడదని పాతిపెట్టిన మంద మిగిలింది.

చెవులు నిక్కించిన బొమ్మ

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అలాంటి బంగారు లామా ఒకటుంది. ఎత్తు ఆరు సెంటీమీటర్ల చిల్లర. 2010లో ఆ మ్యూజియం, బీబీసీ రేడియో కలిసి వంద వస్తువులతో ప్రపంచ చరిత్ర చెప్పినప్పుడు 73వ వస్తువుగా దీన్నే ఎంచుకున్నారు. నాలుగు కాళ్లు నిటారుగా, చెవులు నిక్కించి, మెడ సాచి, దేన్నో విన్నట్టు నిలబడి ఉంటుంది. కండలు, మడతలు, బొచ్చు లాంటి వివరాల జోలికి శిల్పి పోలేదు. చెవులూ మెడా మాత్రం లామాను రోజూ చూసినవాడు తప్ప ఇంకొకడు చేయలేడన్నట్టు ఉంటాయి.

ఇన్కాల బంగారం కారాబాయా లాంటి తూర్పు లోయల్లోని ఏటి ఇసుక నుంచి వచ్చేది. వెండి నేటి బొలీవియాలోని పోర్కో లాంటి గనుల నుంచి వచ్చేది. వాళ్లకు ఇనుము తెలియదు, కొలిమితిత్తి తెలియదు. నలుగురైదుగురు చుట్టూ కూర్చుని రాగి గొట్టాలతో ఊదుతూ నిప్పు రాజేసేవారు. వెండి ఖనిజాన్ని కరిగించడానికి కొండ వాలున గాలి కొట్టే చోట చిల్లులున్న మట్టి పొయ్యిలు పెట్టేవారు. సమ్మెట అంటే చేతిలో పట్టుకునే నున్నటి రాయి. ఆ రాతితోనే బంగారాన్ని పలచటి రేకుగా సాగదీసేవారు. కొట్టేకొద్దీ లోహం బిరుసెక్కి పగుళ్లిస్తుంది కాబట్టి మధ్యమధ్య కాల్చి మెత్తబరిచేవారు.

బొమ్మల్లో రెండు రకాలు. ఒకటి, రేకులను ముక్కలుగా మలిచి మాటుపెట్టి అతికినది. లోపల డొల్ల, చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. రెండోది, మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి కప్పి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసిన గట్టి బొమ్మ. ఈ పనితనమంతా ఇన్కాలు కనిపెట్టింది కాదు. వాళ్ల సామ్రాజ్యమే వంద సంవత్సరాలు నిలవలేదు. 1470 ప్రాంతంలో పెరూ ఉత్తర తీరంలోని చిమూ రాజ్యాన్ని గెలిచినప్పుడు, దాని రాజధాని చాన్ చాన్‌లో పేరుమోసిన లోహకారులను కుటుంబాలతో సహా కుస్కోకు తరలించారు. తరాల నాటి తీరప్రాంతపు నేర్పు అలా రాజధాని కార్ఖానాకు చేరింది.

న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉన్న వెండి లామాలు దీనికి మంచి సాక్ష్యం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పురావస్తు పరిశోధకుడు అడాల్ఫ్ బాండెలియర్ టిటికాకా సరస్సులోని సూర్యద్వీపం నుంచి వీటిని సేకరించాడు. ఒకదానికి నేల దాకా జాలువారే పొడవాటి ఉన్ని ఉంటుంది. ఆ ఉన్నిని నిలువు మడతల రేకుతో చూపించారు. ఎత్తు దాదాపు 24 సెంటీమీటర్లు, ఈ జాతి బొమ్మల్లో భారీదనే చెప్పాలి. ఇంకోదాని వీపు మీద ఎర్రటి దుప్పటి పొదిగి ఉంటుంది. ఇన్కా రాజుకు చిహ్నంగా ఒక తెల్ల లామా ఉండేది. దాని పేరు నాపా. పండుగల్లో దానికి ఎర్ర బట్ట కప్పి, చెవులకు బంగారు పోగులు పెట్టి ఊరేగించేవారు. వెండి బొమ్మ మీది ఎర్ర దుప్పటిని ఆ నాపాకే ముడిపెడతారు పండితులు.

లామా లేకపోతే ఇన్కా లేదు

ఇంత చిన్న బొమ్మకు ఇంత శ్రమ ఎందుకో తెలియాలంటే లామా దగ్గరకే వెళ్లాలి.

ఆండీస్ కొండల్లో గుర్రం లేదు, ఎద్దు లేదు, బండిచక్రం లేదు. ఉన్నదల్లా ఒంటె కుటుంబానికి చెందిన నాలుగు జంతువులు. వాటిలో గ్వానాకో, వికూన్యా అడవివి. లామా, అల్పాకా కొన్ని వేల సంవత్సరాల కిందటే మనిషి మచ్చిక చేసుకున్నవి. లామా పాతిక ముప్పై కిలోల బరువు మోస్తుంది. అంతకు మించి వేస్తే చతికిలబడి ఉమ్మేస్తుంది, కొట్టినా లేవదు. మనిషిని మోయదు. అయినా ముప్పై వేల కిలోమీటర్లకు పైబడిన ఇన్కా రహదారుల మీద సైన్యానికి తిండి, గోదాములకు ధాన్యం మోసింది ఈ జంతువే. దాని ఉన్ని బట్ట, తోలు తాడు, చెప్పు. చలికి ఎండబెట్టిన దాని మాంసం ఏడాదంతా నిలవ ఉంటుంది. చెట్టు మొలవని ఎత్తుల్లో దాని పేడే వంటచెరకు. మొక్కజొన్న పొలానికి అదే ఎరువు.

అందుకే ప్రభుత్వం మందలను లెక్కగట్టి పెట్టుకునేది. సూర్యుడి మంద వేరు, రాజు మంద వేరు, ఊరుమ్మడి మంద వేరు. రంగుల వారీగా, ఆడా మగా వేరుచేసి ముడుల తాళ్లలో లెక్క రాసుకునేవారు. దేవుళ్లకు బలి ఇచ్చేటప్పుడూ రంగు పట్టింపే. పదిహేడో శతాబ్దపు పాదరి బెర్నబె కోబో రాసిన ప్రకారం సూర్యుడికి తెల్లది, సృష్టికర్త వీరకోచాకు గోధుమరంగుది, ఉరుముల దేవుడికి మచ్చలది. వాన రాని అక్టోబరు నెలలో నల్ల లామాలను నడిబజారులో కట్టేసి మేత పెట్టకుండా మాడ్చేవారని గ్వామన్ పోమా 1615 ప్రాంతంలో రాశాడు. ఆకలికి అవి అరిస్తే ఆ ఏడుపు పైకి వినబడి వాన దిగుతుందని ఆశ. ఈ గ్వామన్ పోమా స్పెయిన్ రాజుకు బొమ్మలతో సహా వెయ్యికి పైగా పేజీల మొర రాసుకున్న స్థానికుడు. ఆ రాతప్రతి మూడు శతాబ్దాలు ఎవరికీ పట్టకుండా పడి ఉండి, 1908లో కోపెన్‌హాగెన్ రాయల్ లైబ్రరీలో బయటపడింది.

లామా ఆకాశంలోనూ ఉంది. మనం నక్షత్రాలను కలిపి బొమ్మలు చూస్తాం. ఆండీస్ జనం పాలపుంతలోని నల్లటి చీకటి మరకల్లో కూడా బొమ్మలు చూశారు. వాటిలో పెద్దది యకానా అనే తల్లి లామా, పక్కనే పాలు తాగుతున్న పిల్ల. 1600 తర్వాత కొద్ది ఏళ్లకే క్వెచువా భాషలో రాసిన వరోచిరి రాతప్రతిలో దీని కథ ఉంది. నడిరేయి ఎవరికీ తెలియకుండా యకానా దిగివచ్చి సముద్రపు నీరు తాగుతుందట. తాగకపోతే లోకం మునిగిపోతుందట. ఆ తల్లి లామా కళ్లు మనం ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ అని పిలిచే రెండు తారలు. అవి మనకూ కనిపిస్తాయి. మే నెలాఖరున రాత్రి పది గంటల ప్రాంతంలో, దక్షిణాన అడ్డంకులు లేని చోట, బాపట్ల, మచిలీపట్నం తీరం లాంటి చోట నిలబడితే క్షితిజానికి కొంచెం పైన పక్కపక్కనే మెరుస్తుంటాయి. పెరూలో ఆకాశంలో దాదాపు సగం ఎత్తుకు ఎక్కే జంట ఇక్కడ అంత కిందికి దిగుతుంది.

కొండశిఖరాలే జంతువులకు అసలు యజమానులనే నమ్మకం ఆండీస్ కాపరుల్లో ఇప్పటికీ ఉంది. అడవిలో తిరిగే వికూన్యాలు కొండదేవుడి సొంత మంద. మన దగ్గరున్నవి ఆయన మేపుకోమని ఇచ్చినవి. ఈ లెక్కన శిఖరం మీద పాతిన బంగారు లామా యజమానికి తిరిగి కట్టే బాకీ. మందను పెంచమని పెట్టుకునే అర్జీ కూడా అదే. మన గుళ్లలో వెండి కళ్లు, వెండి నాగపడగలు మొక్కుగా సమర్పించే అలవాటును ఇది గుర్తుకు తెస్తుంది. పోలిక అంతవరకే. మన వెండి కళ్లు హుండీలో పడి లెక్కకు వస్తాయి, కరుగుతాయి, మళ్లీ అంగడికి చేరతాయి. ఇన్కాల లామా మళ్లీ మనిషి చేతికి రాకూడదు. దానికి ధర కట్టే అంగడి కూడా ఆ దేశంలో లేదు. బంగారం రాజుది, దేవుడిది. డబ్బు అనే పదార్థమే లేని రాజ్యమది. పన్ను కట్టాలంటే ఒంటి కష్టంతో కట్టాలి.

బొమ్మల పక్కన పిల్లలు

ఈ కథలో పూలు చల్లి చెప్పకూడని అధ్యాయం ఒకటుంది. బంగారు లామాలు చాలావరకు కపకోచా అనే రాజబలి సామగ్రిలో భాగంగా దొరికాయి. ఆ బలిలో ఇచ్చింది పిల్లలను.

కొత్త రాజు గద్దెనెక్కినా, రాజు చనిపోయినా, జబ్బుపడినా, కరవు వచ్చినా, కొండ నిప్పు కక్కినా కపకోచా జరిగేది. దేశంలోని రాష్ట్రాల నుంచి ఏ మచ్చా లేని పిల్లలను ఎంచి కుస్కోకు పంపేవారు. అక్కడ పూజలయ్యాక, వాళ్లను కానుకలతో పాటు వందల మైళ్లు నడిపించి తమ తమ కొండలకు చేర్చేవారు. తల్లిదండ్రులు ఏడవకూడదు. బిడ్డను ఇవ్వడం గౌరవం. ఆ గౌరవానికి ప్రతిఫలం కూడా ఉండేది. పెరూలోని ఒక్రోస్ అనే ఊళ్లో పదేళ్ల తాంతా కర్వాను ఇలాగే ఇచ్చారు. బదులుగా ఆమె తండ్రికి ఊరి పెద్దరికం దక్కింది. 1620లలో విగ్రహారాధనను వెతికి శిక్షించడానికి వచ్చిన ఒక పాదరికి ఊరివాళ్లే ఈ కథ చెప్పారు. అప్పటికీ ఆ పాపను వాళ్లు దేవతగా కొలుస్తున్నారు. సామ్రాజ్యానికి అంచున ఉన్న ఊళ్లను కేంద్రానికి కట్టిపడేసే రాజకీయం ఈ భక్తిలో కలిసి ఉంది. భక్తి అబద్ధమని నేననను, రాజకీయం లేదంటే మాత్రం ఒప్పుకోలేను.

1954లో చిలీలోని సాంటియాగో నగరానికి ఎదురుగా ఉండే ఎల్ ప్లోమో శిఖరం మీద, 5,400 మీటర్ల ఎత్తులో, నిధి కోసం తవ్వుతున్న కంచరగాడిదలు తోలేవాళ్లకు ఎనిమిదేళ్ల బాలుడి దేహం దొరికింది. మోకాళ్ల మీద తల వాల్చి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. పక్కన బంగారం వెండి కలిపి చేసిన లామా, ఆల్చిప్పతో చెక్కిన ఇంకో లామా, బట్టలు కట్టిన వెండి స్త్రీ బొమ్మ. దేహాన్ని సాంటియాగోలోని జాతీయ ప్రకృతిచరిత్ర మ్యూజియం కొనుక్కుంది. 1985లో అర్జెంటీనాలో, అమెరికా ఖండాలన్నిటిలోకీ ఎత్తైన అకాంకాగువా మీద పర్వతారోహకులకు ఇంకో బాలుడు కనిపించాడు. అతని దగ్గర మూడు మగ బొమ్మలు, మూడు లామాలు. లామాల్లో ఒకటే బంగారం, మిగతా రెండూ ఆల్చిప్ప. 1995లో పెరూలోని ఆంపాటో కొండ మీద పురావస్తు పరిశోధకుడు జొహాన్ రైన్‌హార్డ్, మిగెల్ సారాటే ఒక బాలికను చూశారు. పక్కనున్న సబంకాయా అగ్నిపర్వతం వెదజల్లిన వేడి బూడిదకు శిఖరం మీది మంచు కరిగి ఆమె బయటపడింది. ఆమెకు హువానిటా అని పేరుపెట్టారు.

వీటన్నిటికీ మించింది 1999 మార్చిలో జరిగింది. అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని యుయాయాకో అగ్నిపర్వతం ఎత్తు 6,739 మీటర్లు. దాని కొమ్మున రైన్‌హార్డ్, కాన్‌స్టాన్సా సెరూతి బృందం ముగ్గురు పిల్లలను వెలికితీసింది. పదమూడేళ్ల అమ్మాయి, ఆరేళ్ల పాప, ఆ పాప ఈడు బాబు. ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తున పురావస్తు తవ్వకం ఇంకోటి లేదు. ఐదు వందల ఏళ్ల చలి వాళ్ల కనురెప్పలను కూడా చెక్కుచెదరనివ్వలేదు. బాబు దగ్గర చిన్న బిడారు ఒకటి పేర్చి ఉంది. ముందు నడిచే మగమనుషుల బొమ్మలు, వెనక వెండి, ఆల్చిప్ప లామాలు. అమ్మాయిల దగ్గర ఆడ బొమ్మలు. మగపిల్లల దగ్గర లామాలు, ఆడపిల్లల దగ్గర స్త్రీ మూర్తులు ఉండడం చాలాచోట్ల కనిపించే వరుస. ఎల్ ప్లోమో బాబు పక్కన స్త్రీ బొమ్మ ఉంది కాబట్టి దీన్ని నియమం అనలేం.

2013లో ఆండ్రూ విల్సన్ బృందం ఆ పిల్లల వెంట్రుకలను పరీక్షించి రాసిన వ్యాసం చదివాక ఆ బొమ్మలను మునుపటిలా చూడడం కష్టం. వెంట్రుక నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి అదే డైరీ. పెద్దమ్మాయి చనిపోవడానికి ఏడాది ముందు నుంచి కోకా ఆకు వాడకం ఒక్కసారిగా పెరిగింది. చివరి వారాల్లో మొక్కజొన్న కల్లు బాగా పట్టించారు. ఆమె పళ్ల మధ్య నమిలిన కోకా ఆకు అలాగే ఉంది. మత్తులో ఉంచి మంచుకు వదిలేశారని దీని అర్థం. బంగారు లామా తోడు పిల్లలకు ఎంత ఊరటనిచ్చిందో ఎవరూ చెప్పలేరు. పెద్దల ఏర్పాటులో మాత్రం లోపం లేదు.

బంగారం పక్కన ఆల్చిప్ప

మ్యూజియం అద్దాల వెనక ఒంటరిగా నిలబడ్డ బంగారు లామా మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. తవ్వకాల్లో అది ఒంటరిగా ఉండదు. బంగారం, వెండి, ఎర్రటి ఆల్చిప్ప కలిసి వస్తాయి. మనిషి, జంతువు కలిసి వస్తాయి. మగ బొమ్మ చెవి తమ్మెలు రాచపోగుల బరువుకు సాగి ఉంటాయి, బుగ్గలో కోకా ఉబ్బు ఉంటుంది. ఆడ బొమ్మ జడలు వీపున జారి ఉంటాయి, చేతులు రొమ్ము మీద ఉంటాయి. వాటికి వేలెడంత పంచెలు, శాలువలు నేసి, పిన్నులు గుచ్చి, ఈకల తలపాగాలు పెట్టారు. కోకా సంచులు కట్టారు. ఒక్కో బొమ్మ మీద నేతగాడి శ్రమ, కంసాలి శ్రమకు తీసిపోదు.

బంగారం సూర్యుడిది, వెండి చంద్రుడిది, కాబట్టి బంగారం మగ, వెండి ఆడ అని పుస్తకాలు సుబ్బరంగా సర్దేస్తాయి. బంగారంతో చేసిన ఆడ బొమ్మలు కూడా బోలెడు దొరికాయి. ఆ సూత్రం అంత బిగువైంది కాదు. వాళ్ల విలువల వరుసలో బంగారానికి మనమిచ్చే పీట లేదు. ముయ్యు అని పిలిచే ముళ్ల ఆల్చిప్ప దానితో సమానంగా కూర్చుంది. అది ఈక్వడార్ వైపు వెచ్చటి సముద్రంలో, లోతు నీళ్లలో మాత్రమే దొరుకుతుంది. మునిగి తీసేవాళ్లు ప్రాణాలకు తెగించాలి. దేవుళ్లకు ముయ్యు ఆహారమని, అది పెడితే వాన వస్తుందని నమ్మకం. ఇక బట్ట సంగతి. ఇన్కా రాజ్యంలో మేలైన నేత బంగారం కన్నా ఎంత పెద్ద కానుకో 1962లో మానవశాస్త్రవేత్త జాన్ ముర్రా రాసిన వ్యాసం తేల్చి చెప్పింది. సైనికుడికి బహుమానం బట్ట, ఓడిన రాజుకు మర్యాద బట్ట, దేవుడికి నివేదన నిప్పులో వేసిన బట్ట. కహమార్కాలో స్పెయిన్ వాళ్లు బంగారం ఏరుకుంటూ వదిలేసిన గోదాముల నిండా ఆ బట్టే ఉంది.

కాబట్టి బంగారు లామాలో విలువైంది లామా అని నా అభిప్రాయం. సూర్యుడికి ఇష్టమైన మెరుపు, చంద్రుడికి ఇష్టమైన తెలుపు, వానకు ఇష్టమైన ఎరుపు, మూడు రంగుల్లోనూ అడిగింది ఒక్కటే: మంద బతకాలి.

ఈ అడగడం కొండలకే పరిమితం కాలేదు. 1892లో మానవశాస్త్రవేత్త జార్జ్ డోర్సీ ఈక్వడార్ తీరానికి దూరంగా ఉన్న లా ప్లాటా దీవిలో తవ్వితే అచ్చం ఇవే బొమ్మలు బయటపడ్డాయి. అది ముయ్యు దొరికే నీళ్ల నడుమనున్న దీవి. భూమధ్యరేఖ దగ్గరి ఈ దీవి నుంచి అకాంకాగువా దాకా సూటిగా కొలిస్తే మూడున్నర వేల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అంత దూరంలోనూ అదే నిలబడే తీరు, అవే చెవులు, ఇంచుమించు అవే కొలతలు. ఊరూరా కంసాలి తనకు తోచినట్టు చేసినవి కావివి. రాజధాని కనుసన్నల్లో, ఒకే నమూనాకు తయారై కాలినడకన వెళ్లినవి. ఎక్కడ పాతితే అక్కడి నేల ఇన్కాలదైనట్టు.

ఇల్లిల్లూ తిరిగిన రాతి లామా

రాజు బంగారం పెట్టాడు. కాపరి రాయి పెట్టాడు. కొనోపా అనే చిన్న రాతి అల్పాకా ప్రతి కాపరి ఇంట్లోనూ ఉండేది. దాని వీపున గుంట. అందులో లామా కొవ్వు, కోకా ఆకు నింపి మేతబీళ్లలో పాతేవారు. రాజు లామాకు ఉన్న అర్థమే దీనికీ ఉంది, ఖర్చు లేదంతే. స్పెయిన్ పాదరీలు బంగారం తర్వాత వీటి మీద పడ్డారు. 1621లో పాబ్లో హొసె దె అర్రియాగా అచ్చేసిన పుస్తకంలో తమవాళ్లు ఊళ్ల మీద పడి పట్టుకున్న కొనోపాల లెక్క మూడు వేలకు పైమాటే. అయినా ఆ అలవాటు పోలేదు. పెరూ, బొలీవియా ఎగువ కొండల్లో కాపరులు ఇప్పటికీ ఇయ్యా అనే చిన్న జంతువుల రాళ్లను గుడ్డలో చుట్టి దాస్తారు, మందల పండుగనాడు బయటికి తీసి కల్లు చిలకరిస్తారు. లా పాజ్ నగరంలో ఏటా జనవరి 24న మొదలయ్యే అలాసితాస్ తిరునాళ్లలో జనం తమకు ఆ ఏడాది కావాల్సినవన్నీ, ఇల్లు, కారు, పాస్‌పోర్టు, నోట్ల కట్టలు, బొమ్మ సైజులో కొని దీవెనలు పట్టిస్తారు. యునెస్కో 2017లో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండల మీది బంగారానికి ఇప్పటి శత్రువు పాదరీ కాదు, దొంగ. అర్జెంటీనాలోని కెవార్ శిఖరం మీద నిధి వేటగాళ్లు డైనమైట్ పేల్చారు. అక్కడ పడుకున్న బాలిక దేహం ఛిద్రమైంది. రైన్‌హార్డ్, సెరూతి వెళ్లి మిగిలినదాన్ని కిందికి తెచ్చారు. యుయాయాకో పిల్లలు సాల్టా నగరంలో 2004లో తెరిచిన మ్యూజియంలో సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ చలిలో ఉన్నారు. ఒకసారి ఒక్కరినే ప్రదర్శనలో పెడతారు. తమ పూర్వీకులను జనం ముందు పెట్టడమే తప్పని అక్కడి ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెబుతూనే ఉన్నాయి. వాళ్లది సెంటిమెంటని కొట్టిపారేయడం సులువు. కొండ మీద వదిలేస్తే డైనమైట్ వస్తుందన్న మాటా నిజమే. నాకైతే ఈ తగవులో రెండు వైపులా న్యాయమే కనిపిస్తుంది.

చేయాల్సిన పద్ధతిలో చేస్తే ఎంత తెలుస్తుందో టిటికాకా చూపించింది. 3,812 మీటర్ల ఎత్తున ఉన్న ఈ సరస్సులో ఇన్కా నిధి కోసం 1968లో సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో జలాంతర్గాములతో దిగాడు. నిధి దొరకలేదు, పెద్ద పెద్ద కప్పలు మాత్రం కనిపించాయి. 1977లో సూర్యద్వీపం దగ్గర ఖోవా అనే మునిగిన దిబ్బ మీద ఔత్సాహిక జపాన్ ఈతగాళ్లకు రాతి పెట్టెలు తగిలాయి. ఆ తర్వాతి తవ్వకాల్లో అక్కడే బంగారు, వెండి, ఆల్చిప్ప బొమ్మలు వచ్చాయి. 2014లో పురావస్తు పరిశోధకుడు క్రిస్టోఫ్ డెలేర్ బృందానికి సరస్సు ఈశాన్యాన కకాయా దిబ్బ దగ్గర ఐదున్నర మీటర్ల లోతున ఒక పెట్టె దొరికింది. మూత తీయని పెట్టె అది. నల్లటి కొండరాయిని తొలిచి, రాతి బిరడా బిగించారు. పడవ నుంచి తాళ్లతో దించడానికి పక్కల గాట్లు పెట్టారు. పదిహేడో శతాబ్దపు పాదరి రామోస్ గవిలాన్ ఇలా రాతి పెట్టెలను సరస్సులోకి దించేవారని రాశాడు. లోపల ఆల్చిప్పతో చెక్కిన చిన్న లామా, చుట్టగా చుట్టిన బంగారు రేకు ఉన్నాయి. ఆ రేకు ఇన్కా పురుషులు చేతికి తొడుక్కునే కడియానికి బుల్లి నమూనా అయి ఉండవచ్చని డెలేర్, హొసె కప్రిలెస్ 2020లో రాశారు. తవ్విన పెట్టెను అక్కడికక్కడే ఎస్కోమా పురపాలక సంఘానికి అప్పగించారు.

పెట్టె, మూత, లోతు, దిక్కు, పక్కనున్న రేకు, ఇవన్నీ కలిసి ఉన్నాయి కాబట్టే అంత చెప్పగలిగారు. మీలో లండన్, న్యూయార్క్, షికాగోల్లో ఉన్నవాళ్లు, అటు వెళ్లేవాళ్లు ఏ మ్యూజియంలోనైనా చిన్న బంగారు లామాను చూస్తే ముందు దాని చెవులు చూడండి, తర్వాత పక్కనున్న చీటీ చదవండి. ఏ కొండ, ఏ సరస్సు, దాని పక్కన ఇంకేం దొరికాయి అన్నది రాసి ఉంటే మీ అదృష్టం. చాలా చీటీల మీద ఉండేది దేశం పేరు, శతాబ్దం, లోహం మాత్రమే.